గేటుకు రిలీఫ్ ఉంది, నా బిడ్డకు లేదు

ఆ రోజు నా బిడ్డ నిలబడే నిద్రపోయింది.

నేను మానుకోట స్టేషన్ అవతల లెవెల్ క్రాసింగ్‌లో గేట్‌మన్‌గా ఉన్న రోజులవి. మహబూబాబాద్‌ను మా దిక్కు మానుకోట అనే అంటారు. గూడ్సు బండి వస్తుంటే గేటు మూసి, పచ్చజెండా పట్టుకొని నిలబడ్డాను. బొగ్గు డబ్బాల బండి పోతుంటే గేటు పక్కన నేల అదురుతుంది, నా కాపలా గది గుమ్టీలో పెట్టిన చెంబు కదులుతుంది. అంత చప్పుడులో మా రాజి గేటు కడ్డీకి ఆనుకొని కళ్ళు మూసింది. అప్పుడే ప్యాసింజరు దిగి వచ్చింది, భుజాన సంచీ ఇంకా అలాగే ఉంది. బండి పోయింది, దుమ్ము అణిగింది, ఎడ్లబండ్ల వాళ్ళు గేటు తీయమని అరుస్తున్నారు. పిల్ల కళ్ళు తెరవలేదు.

నేను నవ్వాను. ఈ ముక్క దాచుకుంటే ఇదంతా రాయడమే దండగ, అందుకే ముందే చెబుతున్నాను. నవ్వి, "ఏందే బిడ్డా, గుర్రమోలె నిలవడి నిద్రవోతున్నవు?" అన్నాను. ముందు ఆమె చేతులు కదిలాయి. ఏదో పట్టుకున్నట్టు రెండు చేతులూ గాలిలో పైకీ కిందికీ ఆడాయి. ఆ తర్వాత కళ్ళు తెరిచింది.

"నిద్ర గాదు నాయినా, ఎండ గొట్టింది" అంది.

చేతులు ఎందుకలా ఆడాయో నేను అడగలేదు. గేటు తీయడానికి పోయాను.

మా ఇంటామె నర్సవ్వ క్వార్టర్ గడపలోంచి ఇదంతా చూసింది. పిల్లను లోపలికి తీసుకుపోయి అన్నం పెట్టింది. రాజి గోడకు వీపు ఆనించి, వాకిలి మీదినుంచి చూపు తీయకుండా తిన్నదట. "పిల్ల సగమైంది, నీకు నవ్వెట్లొస్తున్నదయ్యా?" అని నర్సవ్వ నన్ను నిలదీసింది. నేను ఎప్పుడూ అనే మాటే అన్నాను: "రాజి ఉన్నంక మల్లేశానికేం ఫికర్? మనం నిమ్మళంగ ఉండొచ్చు." బిడ్డ వినేట్టుగానే అన్నాను. మెచ్చుకున్నాననుకున్నాను. క్వినైన్ గోలీల పొట్లం ఇచ్చి, సాయంత్రం బండికి ఎక్కించాను.

మల్లేశం నా కొడుకు, రాజికి అన్న. దేవరుప్పుల దగ్గర మా పల్లె. తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో మా ఊరి పిల్లలు చాలామంది దళంలో చేరారు, వాడూ చేరాడు. చివరి ఏడాది వాడి దళం భూపాలపల్లి అడవుల్లో ఉండేది. ఆ అడవిలో మలేరియా పట్టుకుంది. ఉగాది దాటిన వారానికి, చొప్ప బండిలో పడుకోబెట్టి, పైన చొప్ప కప్పి, తోటివాళ్ళు వాడిని పల్లెలో మా ఇంటి దగ్గర దించి పోయారు. ఆ ఇంట్లో అప్పుడు రాజి ఒక్కతే ఉండేది. ఆమెకు పెళ్ళయి రెండేళ్ళు. అల్లుడు కనకయ్య ఇల్లెందు బొగ్గుబావిలో పని. అత్తమామలు లేరు, బావి దగ్గర క్వార్టర్ ఇంకా దొరకలేదు. క్వార్టర్ వచ్చేదాకా మా రెండెకరాలు చూసుకుంటూ పల్లెలో ఉంటానంది. అలా మా కొడుకు బాధ్యత మా బిడ్డ ఒళ్ళో పడింది.

మేమెందుకు పోలేదు అంటారు. అప్పుడు ఊళ్ళలో పోలీసు క్యాంపులు ఉండేవి. గేటు వదిలి ఆలుమగలం పల్లెకు పోతే, కొడుకు వచ్చాడని దండోరా వేసినట్టే. అది నిజమే. కానీ అదొక్కటే నిజం కాదు. రాజి ఉంది కదా అనే ధీమా కూడా ఉంది.

ఇంకో సంగతి. పిల్లలిద్దరికీ చిన్నప్పటి నుంచీ కాదుగానీ, ఆ రోజులు మొదలైన నాటి నుంచీ నేనొక పాఠం నేర్పాను. "ఎవలు ఏమడిగినా తెలవదు అనాలె. అన్నం తిన్నవా అని అడిగినా తెలవదు అనాలె." రాజి ఆ పాఠంలో ఫస్టు. ఒకసారి తెలిసినాయన ఎవరో ఆమె పేరే అడిగితే "తెలవదు" అందట. మేము ఆ కథ చెప్పుకొని నవ్వుకునేవాళ్ళం.

క్వినైన్‌తో మల్లేశం జ్వరం తగ్గింది. తర్వాత పోరాటం ఆగిందనీ, అడవిలో ఉన్నవాళ్ళు ఇళ్ళకు రావచ్చనీ కబురు వచ్చింది. మల్లేశం పేరు మీద వారెంటు ఏదీ లేదని జనగామలో వకీలు కనుక్కొని చెప్పాడు. నేను కొబ్బరికాయ కొట్టాను. ఇక అంతా బాగైనట్టే అనుకున్నాను.

దీపావళి అయ్యాక జనగామ నుంచి బండిలో వచ్చిన గార్డు చేత కబురందింది: రాజి అరుగు మీది నుంచి పడింది, మల్లేశం కనబడటం లేదు.

పాస్ రాయించుకొని, నర్సవ్వను తీసుకొని బయల్దేరాను. కాజీపేటలో బండి మారి, జనగామలో దిగి, ఎడ్లబండిలో పల్లెకు చేరేసరికి మధ్యాహ్నమైంది. రాజి నుదుటికి గుడ్డ కట్టి ఉంది. మంచం మీద పడుకోమంటే వినకుండా అరుగు మీద కూర్చొని చేటతో బియ్యం చెరుగుతోంది. మమ్మల్ని చూసి కూడా ఆపలేదు.

"అన్న జొన్న చేన్ల దొరికిండు. లోపల అటుకు మీద పండుకున్నడు. మెల్లగ మాట్లాడుండ్రి" అంది, లోపలి అటక వైపు చూపించి.

నర్సవ్వ పక్కన కూర్చొని చేటలోకి తొంగి చూసింది. "ఇవి బియ్యమా, నూకలా?" అంది. గుప్పెడు తీసి నా చేతిలో పోసింది. ఒక్క నిండు గింజ లేదు. మెరిక లేదు, ఊక లేదు, రాయి లేదు. చెరగడానికి అందులో ఏమీ లేదు. అవే బియ్యం ఎన్ని రోజుల నుంచి చెరుగుతోందో! రాజి బొటనవేళ్ళు కాయలు కాచి నల్లబడ్డాయి. గేటు దగ్గర ఆమె చేతులు గాలిలో ఎందుకు ఆడాయో అప్పుడు తెలిసింది.

"ఎందుకే బిడ్డా?" అని నర్సవ్వ ఏడ్చింది.

"తెలవదు" అంది రాజి.

ఇద్దరినీ కాజీపేటలో రైల్వే డాక్టరు దగ్గరకు తీసుకుపోయాను. రాజి కనురెప్ప కిందికి లాగి చూసి, బ్లడ్ టెస్ట్ చేయించి, "సివియర్ అనీమియా" అన్నాడు. లివర్ ఎక్స్‌ట్రాక్ట్ ఇంజెక్షన్లు రాశాడు, రెస్ట్ రాశాడు. మల్లేశాన్ని చూసి, ఇది తన పరిధి కాదు, హైదరాబాద్ పెద్ద దవాఖానకు పోవాలని చీటీ ఇచ్చాడు.

అక్కడి డాక్టరు గారు సర్కారు జిల్లాల మనిషి. నెత్తి నెరిసింది, మాట నిదానం. మల్లేశం పెదవి విప్పలేదు. పక్కన నిలబడ్డ రాజిని అడిగారు.

"ఎప్పటి నుంచీ ఇలా ఉన్నాడమ్మా?"

"తెలవదు."

"రాత్రి నిద్రపోతాడా?"

"తెలవదు."

"ఎవరైనా తరుముతున్నారని అంటాడా?"

"తెలవదు సారూ."

నేను పక్కనే ఉన్నాను. మీసం కింద నవ్వుకున్నాను కూడా. నా బిడ్డ ఎంత గట్టిదో అని. అలాంటి తప్పు మా కాలపు వాళ్ళం, మా దిక్కు వాళ్ళం మాత్రమే చేస్తామేమో. డాక్టరును కూడా పోలీసును చూసినట్టే చూశాం.

డాక్టరు గారు తనకు తెలిసినదాన్ని బట్టి మందిచ్చారు. నిద్ర పట్టడానికి లూమినాల్ ఇచ్చారు. మల్లేశం నిద్రతో కొట్లాడాడు. కళ్ళు మూతపడుతుంటే గోడకు తల బాదుకునేవాడు. అంతకంటే గట్టి మందని పారాల్డిహైడ్ ఇచ్చారు. చివరికి షాక్ ట్రీట్‌మెంట్ ఇచ్చారు. కొన్నాళ్ళకు మెత్తబడ్డాడు. వాళ్ళవ్వ నర్సవ్వ పేరు అడిగితే కాసేపు ఆలోచించి చెప్పేవాడు. మర్యాదగా తిన్నాడు, మర్యాదగా కూర్చున్నాడు. ఇంప్రూవ్డ్ అని కాగితం రాసి పంపించారు.

పల్లెకు వచ్చిన మూడో రోజు, ఇది నాకు తర్వాత తెలిసిన సంగతి, పొద్దు నడినెత్తికి రాగానే వాడు అటుకు నిచ్చెన మీద కాలు పెట్టి, చెల్లెలి వైపు తిరిగాడు. "రాజీ, కాపలా ఎవలు?" అన్నాడు. రాజి లేచి గోడకున్న చేట అందుకుంది. అంతా మళ్ళీ మొదటికి వచ్చింది.

రెండోసారి పోయినప్పుడు డాక్టరు గారు మల్లేశాన్ని బయట కూర్చోబెట్టి, నన్నూ రాజినీ లోపలికి పిలిచారు. ఈసారి రాజిని కాదు, నన్నడిగారు.

"ఏమయ్యా, పొద్దస్తమానం పక్కనే ఉన్న మనిషి ఏమీ తెలియదంటుంది. నేను నమ్మాలా? నేను పోలీసుని కాదు. మీవాడు అడవిలో ఉండొచ్చాడని వాడి కాళ్ళు చూస్తేనే తెలుస్తుంది. నాకు కావలసింది వాడి నిద్ర సంగతి."

నా తల కొట్టేసినట్టయింది. బిడ్డ నోటికి ఆ తాళం వేసింది నేను. తీయవలసిందీ నేనే. "బిడ్డా, చెప్పు. ఇగ చెప్పొచ్చు. నాయిన చెప్తున్న, డాక్టరు సారుకు అన్ని చెప్పు" అన్నాను.

రాజి నా ముఖం చూసింది. నిజంగానే అంటున్నానా అని ఇంకోసారి చూసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది.

"అన్న చీకట్ల పండుకోడు సారూ. దళంల పగటీలే పండుకునేటోల్లట. ఎండ నడినెత్తికి రాంగనే అటుకెక్కుతడు. కాపలా ఉంటెనే పండుకుంటడు. నేను అరుగు మీద గూసోని బియ్యం చెరుగుత. చాట సప్పుడు ఇనవడ్డంత సేపు పండుకుంటడు. ఆగిందంటె దుంకుతడు. గోలీలకని నేను మానుకోటకు పోయిన్నాడు అసలు పండుకోనేలేదు. ఆనాడు నాకు కండ్లు తిరిగి పడ్డ. చాట ఆగింది. గందుకే ఉరికిండు."

"ఎంతసేపు చెరుగుతావు?"

"పొద్దు గుంకేదాంక."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఉగాది నుంచి."

"మరి నువ్వెప్పుడు పడుకుంటావమ్మా?"

రాజి జవాబు వెతుక్కుంది. "చీకటైనంక అన్న వాకిట్ల తిరుగుతడు. వెనుక బాయి ఉన్నది. నేను పండుకుంటె ఎట్ల?" అంది. అని, ఎవరో తప్పు పట్టినట్టుగా, "నడుమ నడుమ కునుకు తీస్త సారూ, నాకేం గాదు" అంది. ఆ తర్వాత ఆగలేదు. కనకయ్య కార్డుల మీద కార్డులు రాస్తున్నాడనీ, క్వార్టర్ దొరికి మూడు నెలలైందనీ, తాను జవాబు రాయడం లేదనీ చెప్పింది. అదైతే నాకే తెలియదు. ఒక్కతే అన్నీ కడుపులో పెట్టుకుంది.

డాక్టరు గారు కలం కింద పెట్టారు. "యుద్ధంలో బర్మా సరిహద్దున పనిచేశాను. ఇలాంటి సిపాయిలను చాలామందిని చూశాను. వార్ న్యూరోసిస్ అంటాం. మీవాడికి పిచ్చి లేదు. ఒళ్ళు ఇంటికొచ్చింది, భయం ఇంకా అడవిలోనే ఉంది. తగ్గుతుంది, టైం పడుతుంది. కానీ నా భయం ఈ అమ్మాయి గురించి. మీ ఇంట్లో పేషెంట్లు ఇద్దరు."

"ఇప్పుడేం జెయ్యాలె సార్?"

"చేట ఒక్కసారిగా ఆపొద్దు. కొద్దికొద్దిగా తగ్గించాలి. కానీ ముందు చెరిగే చెయ్యి మారాలి." ఆగి, నా ఖాకీ చొక్కా చూసి అడిగారు. "నీ డ్యూటీ ఎంతసేపు?"

"పన్నెండు గంటలు సార్."

"నీ బదులు ఎక్కే రిలీఫ్ మనిషి రాకపోతే?"

"రాకుంటె ఎట్ల సార్? స్టేషన్ మాస్టర్‌కు చెప్తం. రిలీఫ్ లేకుంట గేటు నడ్వది. నిద్ర మబ్బుల గేటు తీస్తె పానాలు పోతయి" అన్నాను ఠపీమని.

అన్న తర్వాత నా మాట నాకే వినబడింది. రాజి కిందికి చూస్తోంది. ఇనుప కడ్డీకి రిలీఫ్ ఇస్తారు. కన్నబిడ్డకు నేను ఇవ్వలేదు. పైగా, నువ్వున్నావు కాబట్టి మాకు నిమ్మళం అని చెప్పి మరీ కూర్చోబెట్టాను. ఆ గదిలో నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. డాక్టరు గారు కిటికీ వైపు తిరిగి అద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు.

సెలవు రాసిచ్చి పల్లెకు పోయాను. మొదటి రోజు మధ్యాహ్నం రాజి చేతిలోంచి చేట తీసుకొని అరుగు మీద కూర్చున్నాను. మీసాలున్న మగవాడు బియ్యం చెరుగుతుంటే ఊళ్ళో ఆడవాళ్ళు నీళ్ళబిందెలతో ఆగి మరీ చూశారు. చెరగడమంటే ఏముంది, ఊపడమే కదా అనుకున్నాను. బియ్యం సగం నా ఒళ్ళో పడ్డాయి, సగం కోళ్ళకు పండగ. ఐదు నిమిషాలు కాలేదు, అటుకు మీద నుంచి మల్లేశం దిగి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"గది చాట సప్పుడా నాయినా? ఢోలు గొడుతున్నవా?"

ఏడాదిలో వాడు నాతో ఆడిన మొదటి పరాచికం అది. వాడి కళ్ళలో భయం ఉంది, కానీ మాటలో నా కొడుకు ఉన్నాడు. నేను ఆ సందు వదలలేదు.

"మరి దళంల కాపలా ఎట్ల మారేటోల్లురా? ఒక్కడే ఉండేటోడా?"

వాడు అరుగు చివర కూర్చున్నాడు. వీపు గోడకు ఆనించి, వీధి రెండు వైపులా చూసుకొని చెప్పాడు. కాపలా దిగేవాడు ఎక్కేవాడిని వెంటబెట్టుకొని దళనాయకుడి ముందుకు వస్తాడట. చూసిందంతా ఒప్పజెప్పి, అందరి ఎదురుగా తుపాకీ చేతికి ఇస్తాడట. తీసుకున్నవాడు "అందింది" అనాలి. అలా అనకపోతే కాపలా మారనట్టే. మా రైల్వేలోనూ అంతే, చార్జి అప్పగించి సంతకం పెట్టాలి. నేను తల ఊపుతూ వింటున్నాను. వాడు చెప్పడం ఆపి, అరుగు మీద చెదిరిన గింజలు ఏరి చేటలో వేశాడు.

"భూపాలపల్లి దిక్కు, ఒగనాడు మారలేదు నాయినా. నాది అప్పటికి రెండో పాలి కాపలా. జరమొచ్చి ఒళ్ళు కాల్తున్నది. ఎక్కెటోడు లేడు, ఉన్నోల్లంత జరమోల్లే. నేను చెట్టుకు ఒరిగిన. గంతే. కండ్లు తెరిసేసరికి... పోలీసుల తూటాలకు ఇద్దరు పోయిండ్రు. నేను పండుకున్న నాయినా."

వాడు ఏడవలేదు. నేను మాత్రం వాడి తల నా భుజానికి ఆనించుకున్నాను. ఇరవై నాలుగేళ్ళ కొడుకును ఎత్తుకోవడం కుదరదు కదా.

"నేను ఇరవై ఏండ్ల సంది గేటు కాస్తున్న, ఇను" అన్నాను. "జరమొచ్చినోన్ని డ్యూటీకి పెట్టొద్దు. గది మా రూలు. రిలీఫ్ రాకుంట పండుకున్నోనిది తప్పు గాదు బిడ్డా."

ఆ మాట వాడికి చెబుతున్నాను, కానీ గడపలో నిలబడి వింటున్న రాజిని చూసి చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు పద్ధతి ప్రకారం చేశాం. మల్లేశం అటుకు నిచ్చెన దగ్గర నిలబడ్డాడు. రాజి నన్ను వాడి ముందుకు తీసుకొచ్చింది. "పొద్దటి సంది కొత్తోల్లు ఎవ్వలు రాలె. కుమ్మరోల్ల బర్రె ఒకటి పోయింది. తూర్పు దిక్కు కుక్క మొరిగింది, ఊకెనే మొరిగింది" అని ఒప్పజెప్పి, చేట నా చేతికిచ్చింది. "అందింది" అన్నాను. మల్లేశం నన్నూ చేటనూ పైనుంచి కిందికి చూసి, "జర నిదానంగ చెరుగు" అని పైకెక్కాడు. గంటసేపు పడుకున్నాడు. ఆ గంటలో నా భుజాలు ఊడినంత పనైంది. నా బిడ్డ దీన్ని ఏడాదిగా చేస్తోంది.

అయితే రాజి ఆ గంట పడుకోలేదు. అది మేము అనుకోని చిక్కు. గడప వెనుక నిలబడి నా చేట వైపే చూస్తూ ఉంది. నర్సవ్వ మంచం వాల్చి, చెయ్యి పట్టి లాగితే విదిలించుకుంది. నాలుగైదు రోజులు అదే వరస. ఒకరోజు నా మీదే విరుచుకుపడింది: "నీకు చెరుగ రాదు. అన్న నా సప్పుడుకే పండుకుంటడు. గిన్నొద్దులు యాడికి పోయినవు? ఇప్పుడచ్చి నా పని గుంజుకుంటున్నవా?"

నేను చేట ఆపలేదు. "నిజమే బిడ్డా, ఆలస్యంగ వచ్చిన" అన్నాను. ఇన్నాళ్ళు ఆమె బతుకంతా ఆ చప్పుడే. ఒకరోజు వచ్చి చేట లాక్కుంటే చేతులు ఖాళీ అవుతాయి, గుండె ఖాళీ కాదు.

హోలీ నాడు అంతా చెడింది. నేను చెరుగుతున్నాను. ముఖాలకు రంగులు పూసుకున్న గుంపు డప్పులతో వాకిట్లోకి వచ్చింది. మల్లేశం అటుకు మీద నుంచి దూకి పెరటి దారిన చేలల్లోకి పరుగెత్తాడు. రాజి వెనకే పరుగెత్తబోయింది. నర్సవ్వ ఆమె నడుము రెండు చేతులా పట్టుకుంది. "ఇప్పుడు నీ డ్యూటీ గాదే! నాయినది! నాయిన పోతడు!" అని అరిచింది. నేను చేట పట్టుకొనే పరుగెత్తాను. వాడు మా పొలం గట్టు కింద ముడుచుకొని ఉన్నాడు. నాకు ఆయాసం ఆగలేదు. పక్కన కూర్చొని ఉత్త చేట చెరగడం మొదలుపెట్టాను. అందులో గింజ లేదు. ఎంతసేపు చెరిగానో, వాడు తలెత్తి, "చెయ్యి కుదిరింది నాయినా. ఇప్పుడు ఢోలు లెక్క లేదు" అన్నాడు.

మేమిద్దరం నడుచుకుంటూ ఇంటికి వచ్చేసరికి రాజి మంచం మీద నిద్రపోతోంది. అన్న కనబడకుండా పోయిన రోజునే ఆమెకు నిద్ర పట్టింది. వేరేవాళ్ళు పరుగెత్తి వాడిని తీసుకురాగలరని ఆనాడు కళ్ళారా చూసింది కాబోలు. మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేదు. మల్లేశం రెండుసార్లు వచ్చి చూసి, "పిలువకుండ్రి" అని నోటికి వేలు అడ్డం పెట్టుకొని పోయాడు.

ఆ తర్వాత లెక్కగా నడిచింది. నా సెలవు అయిపోతే నర్సవ్వ చేట అందుకుంది, నర్సవ్వకు వీలుకానప్పుడు పక్కింటి ఎల్లవ్వ. ఎవరు మారినా ఒప్పజెప్పడం మాత్రం మానలేదు. డాక్టరు గారు చెప్పినట్టు ముందు మధ్య మధ్య ఆపి చెరిగాం, తర్వాత వాడు నిద్రపోయేదాకే చెరిగాం. లూమినాల్ కొద్ది డోసులో మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి వాడు నిద్రతో కొట్లాడలేదు. జరిగిందంతా నేను కార్డు రాయించి పంపితే, వానలు పడే ముందు కనకయ్య వచ్చాడు. కోపంగా వస్తాడని మేం భయపడితే, వచ్చీరాగానే చేట తీసుకొని అరుగు మీద కూర్చున్నాడు. వాడికి నాకంటే బాగా చెరగడం వచ్చు. బావి దగ్గర ఒంటరిగా వండుకు తిన్న మనిషి కదా.

రాజి ఇల్లెందు పోయిన రోజు నిచ్చెన దగ్గర ఒప్పజెప్పింది. "ఎవ్వలు రాలె అన్నా" అని చేట వాళ్ళవ్వకు ఇచ్చింది. "చెల్లె డ్యూటీ దిగింది" అన్నాడు మల్లేశం. బండి దాకా తోడుపోయాడు. పగటిపూట, వీధి నడిమధ్య నడిచి పోయాడు.

మరుసటి ఏడాదికి నర్సవ్వ, మల్లేశం మానుకోట క్వార్టర్‌కు వచ్చేశారు; రాజి పురిటికి అక్కడికే వచ్చింది. ఆడపిల్ల. పసిది పొద్దంతా ఏడ్చేది, తల్లికి కునుకు పడనిచ్చేది కాదు. ఒకనాడు మధ్యాహ్నం డ్యూటీ దిగి క్వార్టర్‌కు వస్తుంటే చేట చప్పుడు వినబడింది. మల్లేశం మళ్ళీ మొదటికొచ్చాడేమో అనుకున్నాను. పరుగున పోయి చూస్తే, వాడే గడపలో కూర్చొని చెరుగుతున్నాడు. లోపల తల్లీ బిడ్డా ఒకరి పక్కన ఒకరు గాఢంగా నిద్రపోతున్నారు. వాడు నన్ను చూసి, చేట ఆపకుండానే, "చెల్లె ఒప్పజెప్పింది నాయినా. అందింది అన్న" అన్నాడు.

ఇప్పుడు నేను రిటైరై చాలా ఏళ్ళయింది. నర్సవ్వ లేదు. మల్లేశం మానుకోటలో సైకిళ్ళు బాగుచేస్తాడు. పెళ్ళి వద్దన్నాడు, మేం బలవంతం చేయలేదు. ఇప్పటికీ వీపు గోడకు ఆనించే కూర్చుంటాడు, హోలీ నాడు దుకాణం తెరవడు. ఒకసారి నన్ను వెంటబెట్టుకొని భూపాలపల్లి పోయాడు. అడవి అంచున కాసేపు నిలబడి, "ఇగ పోదాం నాయినా" అన్నాడు. తిరుగు బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు, పట్టపగలు, చేట లేకుండా. రాజి వస్తే మాత్రం ఇద్దరూ అన్నం తిన్నాక నన్ను మర్చిపోయి గంటలు గంటలు మాట్లాడుకుంటారు. ముసలాణ్ణి, ఆ మాటల చప్పుడులో నేనొక కునుకు తీస్తాను.

మనసు చెదిరిన మనిషి ఇంట్లో ఉన్నవాళ్ళకు చెప్పేది ఒకటే. డాక్టర్లు ఆ మనిషి సంగతి చూస్తారు. మీరు ఆ పక్కన ఉన్న రెండో మనిషిని చూడండి, అన్నో చెల్లో, బాగానే ఉన్నాననే మనిషిని. నువ్వున్నావు కాబట్టి మాకు ధైర్యం అని ఆమెతో అనకండి. ఎలా ఉన్నావని అడిగినా లాభం లేదు, నాకేం గాదు అంటుంది. పోయి ఆమె చేతిలోని చేట తీసుకోండి. చెరగడం రాకపోయినా తీసుకోండి. నాకూ రాలేదు.